భర్త వదిలేసి పోయాడు, ఇద్దరు బిడ్డలు, జీతం 7,500: తిరుపతిలో ముందు ఏది చక్కబెట్టుకోవాలి?

అమ్మా, నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. వయసు 26, ఇంటర్ పాస్. భర్త రెండేళ్ల కింద పనికని బెంగళూరు పోయి అక్కడే ఉండిపోయాడు, ఏడాదిగా రూపాయి పంపలేదు. పెద్దవాడికి యూకేజీ అయిపోతుంది, జూన్‌లో 1వ తరగతి. చిన్నదానికి మూడేళ్లు. కొర్లగుంటలో ఒక గది, కరెంటుతో కలిపి 3,000 అద్దె. గాంధీ రోడ్డులో ఫ్యాన్సీ షాపులో పని, పొద్దున పదికి పోతే రాత్రి తొమ్మిదికి ఇల్లు. డైలీ ఫైనాన్సు వాడికి రోజూ 100. లోన్ యాప్‌లో 15,000 తీసుకుని ఈ డైలీ అప్పు తీర్చేయనా, శ్రీసిటీలో కంపెనీ పనికి పోనా, పూతలపట్టు దగ్గర పుట్టింటికి వెళ్లిపోనా అని అడిగావు. చివర్లో స్కూలు ఫారంలో తండ్రి సంతకం సంగతి కూడా అడిగావు.

నేను అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు న్యాయసేవ వాళ్ల దగ్గర పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతా ఉంటాను. నీలాంటి ఆడబిడ్డలు మా దగ్గరికి వచ్చినప్పుడు మొదట అడిగేది అప్పు ఎక్కడ పుడుతుందని, లేదంటే పని ఎక్కడ దొరుకుతుందని. నేను మొదట అడిగేది రేషన్ కార్డు చూపించమని. ఎందుకో చెప్తాను. అంతకన్నా ముందు నీ మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు: యాప్ అప్పు వద్దే వద్దు. శ్రీసిటీ ఇప్పుడప్పుడే వద్దు. పుట్టింటికి నువ్వు పోనక్కర్లేదు గానీ, చిన్నదాన్ని కొన్నాళ్లు మీ అమ్మ దగ్గర ఉంచడంలో తప్పేమీ లేదు.

ఇక కార్డు సంగతి. నువ్వూ బిడ్డలూ రెండేళ్లుగా విడిగా బతుకుతున్నారు. సర్కారు లెక్కలో మాత్రం నువ్వింకా అతని ఇంట్లోనే ఉన్నావు. రైస్ కార్డులో అతని పేరుంది, వార్డు సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో అతనూ, నీ అత్తామామలూ, బహుశా పెళ్లికాని మరిదీ అందరూ ఒకే కుటుంబం కింద ఉంటారు. ఏ పథకం వచ్చినా కంప్యూటరు ఆ కుటుంబం మొత్తాన్నీ చూస్తుంది. మరిది సొంతానికి కారు కొన్నా, మొగుడి కంపెనీలో ఇన్‌కమ్ ట్యాక్స్ పట్టినా, అత్తగారింట్లో ఏసీ పెట్టి కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటినా, అనర్హత నీ పేరు పక్కన పడుతుంది. నీ గదిలో ఒక బల్బు, ఒక ఫ్యాను మాత్రమే ఉన్నా సరే. 'పోయినేడు బాబు పేరు రాలేదు, ఎందుకో తెలీదు' అని నాతో అన్న తల్లుల్లో చాలామంది కథ ఇదే.

ఇది తేలకపోతే నీకు జూన్‌లోనే దెబ్బ. తల్లికి వందనం 2025 జూన్‌లో మొదలైంది. 1వ తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ఒక్కో బిడ్డకు 15,000, అందులో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. గవర్నమెంటు బడైనా ప్రైవేటు బడైనా వస్తుంది, హాజరు 75 శాతం ఉండాలి. ఇన్నాళ్లూ పెద్దవాడు యూకేజీ కాబట్టి నీకు వర్తించలేదు. ఇప్పుడు వర్తిస్తుంది. నీ జీతం లెక్కన 13,000 అంటే దాదాపు రెండు నెలల సంపాదన. దాన్ని మరిది కారు కోసం పోగొట్టుకోవద్దు.

కాబట్టి ఈ వారంలోనే మీ వార్డు సచివాలయానికి పోయి, మ్యాపింగ్‌లో మీ ఇంటి కింద ఎవరెవరున్నారో అడిగి తెలుసుకో. ఆధార్‌లో అడ్రసు ఇంకా అత్తగారిదే ఉంటే ముందు దాన్ని కొర్లగుంటకు మార్పించుకో. ఆ తర్వాత కార్డు విభజనకు అర్జీ పెట్టు. ఇక్కడ నీకు ఒక మాట ఎదురవుతుంది: 'విడాకుల కాగితం తెస్తేనే మా సిస్టం తీసుకుంటుంది.' వాళ్లతో గొడవ పడొద్దు, ఆ పిల్లలు స్క్రీను మీద కనబడేదే చెప్తారు. కానీ ఉత్త చేతులతో తిరిగి రావొద్దు. జరిగింది అర కాగితంలో రాసి ఇచ్చి, అర్జీ నంబరో రసీదో తీసుకో. పని జరక్కపోతే ఆ రసీదుతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పో. మన కలెక్టరేట్ తిరుచానూరు పద్మావతి నిలయంలో ఉంది కదా, నీకు దూరమేం కాదు. భరణం కేసు వేసి ఉంటే ఆ కేసు నంబరు కూడా అర్జీలో రాయి. 'మేమిద్దరం విడిగా ఉంటున్నాం' అని నువ్వు నోటితో చెప్పడం వేరు, కోర్టు నంబరు చూపించడం వేరు. అధికారి ముందు ఆ నంబరుకుండే బరువే వేరు.

ఇంకో చిన్న సంగతి, చాలామంది చూసుకోరు. గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరు మీదుంది? దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కనెక్షన్ అతని పేరు మీదుంటే, సిలిండరుకు కట్టాక వెనక్కొచ్చే డబ్బు పోయేది అతని ఖాతాకే. అట్లాగే నీ ఆధార్‌కు ఏ బ్యాంకు ఖాతా లింకయి ఉందో చూసుకో. పథకాల డబ్బు చివరిగా లింకు చేసిన ఖాతాలోకి పోతుంది. అది పాత జాయింట్ ఖాతా అయ్యిందంటే, లేదా ఏ ఫైనాన్సు కంపెనీకో ఆటో డెబిట్ రాసిచ్చిన ఖాతా అయ్యిందంటే, డబ్బు వచ్చినట్టు మెసేజ్ వస్తుంది గానీ చేతికి రాదు. పోస్టాఫీసులో నీ ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచి, ఆధార్ దానికి లింకు చేయించుకో.

ఇప్పుడు భరణం. నువ్వు 'కోర్టుకు పోయేంత స్తోమత లేదు, పోయినా ఆయన ఇవ్వడు' అని రాశావు. మొదటి మాటకు జవాబు చాలా సులువు: లాయరుకు నువ్వు రూపాయి కట్టక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. తిరుపతి కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార కమిటీ ఆఫీసు ఉంది, చిత్తూరులో అయితే జిల్లా కోర్టులో. పోలేకపోతే 15100కు ఫోన్ చెయ్యి. తెల్ల కాగితం మీద అర్జీ, ఆధార్ జిరాక్స్ చాలు మొదలుపెట్టడానికి.

రెండో మాటకు జవాబు కొంచెం పెద్దది. పాత సెక్షన్ 125 అని అందరూ అనేది 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144వ సెక్షన్ అయింది. అతను బెంగళూరులో ఉన్నా నువ్వు ఉండేచోటే, అంటే తిరుపతిలోనే కేసు వెయ్యొచ్చు. కేసు తేలేదాకా ఆగకుండా మధ్యంతర భరణం అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. నిజానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, వాయిదాలుంటాయి, అతను నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటాడు. అయినా త్వరగా వెయ్యమని ఎందుకంటున్నానంటే, 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చేసింది: భరణం లెక్క అర్జీ వేసిన తేదీ నుంచి మొదలవ్వాలి. తీర్పు రెండేళ్లకు వచ్చినా ఆ రెండేళ్ల బాకీ నీకు వస్తుంది. అర్జీ వెయ్యని రెండేళ్లు మాత్రం పోయినట్టే. నువ్వు ఇప్పటికే ఏడాది పోగొట్టుకున్నావు. అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో రాసివ్వాలి. 'నాకు పనే లేదు' అని ఉత్తినే చెప్పేస్తే కుదరదు. అతను పనిచేసే కంపెనీ పేరు, పాత పే స్లిప్పు ఫోటో, బండి నంబరు, ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న షోరూం ఫోటో, ఏది దొరికినా దాచిపెట్టు.

ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే వారంట్ అడగొచ్చు, ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు వేసే అధికారం కోర్టుకుంది. అయితే బాకీ పడిన ఏడాదిలోపే ఆ అర్జీ వెయ్యాలి. ఈ గడువు సంగతి తెలియక చేతికొచ్చిన డబ్బు వదులుకున్నవాళ్లున్నారు. కొట్టడం, తిట్టడం, కట్నం వేధింపు లాంటివి ఉండి ఉంటే 2005 గృహహింస చట్టం కింద కూడా అడగొచ్చు. దాంట్లో ఒక సౌకర్యం ఉంది: అతని జీతంలోంచి నేరుగా నీకు కట్టమని కోర్టు కంపెనీకే చెప్పగలదు. ఏది నీకు పనికొస్తుందో లాయరమ్మతో కూర్చుని మాట్లాడు.

పెద్దమనుషుల పంచాయితీ గురించి ఒక్క మాట. 'కోర్టులెందుకమ్మా, లక్ష ఇప్పిస్తాం, స్టాంపు పేపరు మీద రాసుకుని ఎవరి దోవన వాళ్లు పోండి' అని రేపో మాపో ఎవరో ఒకరు వస్తారు. అట్లా రాసుకున్న విడాకులు, ఏదో కులాచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప, చెల్లవు. పైగా 'ఇకమీదట బిడ్డలకు కూడా ఏమీ అడగను' అనే వాక్యం ఒకటి అందులో దూరుస్తారు. బిడ్డల భరణం బిడ్డలది, తల్లి సంతకంతో పోయేది కాదని కోర్టులు చెప్తానే వచ్చాయి. కానీ ఆ కాగితం పట్టుకుని అవతలివాళ్లు ఏడాదిపాటు సాగదీస్తారు. లాయరుకు చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

ఇంతమంది ఇన్ని పథకాలు చెప్తారు గానీ, నీకు సరిగ్గా సరిపోయేదాన్ని ఎవరూ చెప్పినట్టు లేదు. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపేది. భర్త చనిపోయిన, విడాకులైన, కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలకు నెలకు ఒక్కో బిడ్డకు 4,000, 18 ఏళ్లు వచ్చేదాకా. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000. నీ జీతం ఏడాదికి 90,000, పరిమితి లోపే ఉన్నావు. ఇద్దరికీ మంజూరైతే నెలకు 8,000, అంటే నీ జీతం కన్నా ఎక్కువ. అర్జీ ఇవ్వాల్సింది జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, మహిళా శిశు సంక్షేమ శాఖ కిందే ఉంటుంది. మీ అంగన్‌వాడీ టీచరునో సూపర్‌వైజరునో అడిగితే దోవ చెప్తారు. బిడ్డల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్లు, ఇన్‌కమ్ సర్టిఫికెట్, పెద్దవాడి స్టడీ సర్టిఫికెట్, బిడ్డ పేరుతో బ్యాంకు ఖాతా రెడీ చేసుకో. వదిలేశాడనడానికి రుజువు అడుగుతారు. ఇక్కడ కూడా ఆ భరణం కేసు నంబరే పనికొస్తుంది, చూశావా?

ఇది అర్జీ పెట్టిన నెలకే వచ్చి పడుతుందని మాత్రం అనుకోవద్దు. ఇంటికొచ్చి విచారిస్తారు, కమిటీలో పెడతారు, నిధులు ఉన్నప్పుడు మంజూరవుతుంది, ఒక్కోసారి నాలుగైదు నెలల డబ్బు ఒకేసారి వస్తుంది. బిడ్డ సరిగ్గా బడికి పోకపోతే ఆపేస్తారు. వచ్చినప్పుడు వస్తుందిలే అనుకుని అర్జీ పెట్టు, దాన్ని నమ్ముకుని అప్పు మాత్రం చెయ్యొద్దు.

ఒంటరి మహిళ పింఛను గురించి అడిగావు. ఇప్పుడు నెలకు 4,000 ఇస్తున్నారు, నిజమే. కానీ దానికి వయసు నిబంధన ఉంది, 26 ఏళ్లకు రాదు. వితంతు పింఛనుకు 18 దాటితే చాలు గానీ అది నీకు వర్తించదు. ఎవరైనా 'నేను రాయిస్తాను, 5,000 ఇవ్వు' అంటే నమ్మొద్దు.

అప్పుకు వద్దాం. నువ్వు 10,000 అప్పు అంటే వాడు 1,500 పట్టుకుని 8,500 చేతికిచ్చాడు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి 'పదిహేను పైసలే కదా' అనిపిస్తుంది. కానీ నువ్వు మొదటి రోజు నుంచే అసలు తీరుస్తా ఉన్నావు కాబట్టి, ఆ వంద రోజుల్లో సగటున నీ దగ్గర ఉన్న వాడి డబ్బు 4,250 మాత్రమే. దానిమీద 1,500 వడ్డీ. నూటికి నెలకు పది రూపాయల పైచిలుకు పడింది. పొదుపు సంఘంలో బ్యాంకు లింకేజీ అప్పు నూటికి రూపాయి దగ్గర ఉంటుంది. మధ్యలో ఎంత తేడా ఉందో చూడు. యాప్ అప్పు దీనికన్నా ఘోరం. వారానికో పదిహేను రోజులకో గడువు పెడతారు, ప్రాసెసింగ్ ఫీజని ముందే కోస్తారు, నీ ఫోనులో ఉన్న నంబర్లన్నీ లాగేసి, ఒక్కరోజు ఆలస్యమైతే మీ షాపు ఓనరుకూ, మీ అన్నకూ నీ ఫోటో మార్ఫింగ్ చేసి పంపిస్తారు. ఇప్పటికే ఏదైనా యాప్ దించుకుని ఉంటే తీసేయి. బెదిరింపులు వస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి, స్క్రీన్‌షాట్లు ఉంచుకో.

ఇప్పుడున్న డైలీ అప్పు ఇంకా నలభై రోజులుందన్నావు. దాన్ని మధ్యలో తీర్చాలని హైరానా పడొద్దు. నీ వడ్డీ 1,500 ముందే పోయింది, ఇప్పుడు ముందుగా తీర్చినా తగ్గదు. ఆ నలభై రోజులు ఎట్లాగో ఒకట్లా లాగు. లాగాక 'రెన్యువల్ చేసుకో అక్కా' అని వస్తాడు చూడు, అప్పుడు వద్దని చెప్పడమే అసలు పని. ఆ రోజు నుంచి నెలకు 3,000 నీ చేతిలో మిగులుతుంది. మధ్యలో తప్పనిసరి అవసరం వస్తే, కమ్మలో ఉంగరమో కుదువ పెట్టాల్సి వస్తే, వీధిలో కుదువ కొట్టుకు కాదు, బ్యాంకుకు పో. నగ మీద అప్పుకు బ్యాంకులో నూటికి రూపాయి లోపే పడుతుంది. షాపులో తోటి అమ్మాయిలు వేసే చీటీలో ఇప్పుడే చేరొద్దు. రిజిస్టరు కాని చీటీ ఎత్తి పరారైనవాళ్ల కథలు మన ఊళ్లో వీధికొకటి.

ఇవాళే చెయ్యాల్సింది మీ వీధి మెప్మా ఆర్పీని, అంటే పట్నాల్లో పొదుపు సంఘాలను చూసే సర్కారు సంస్థ మనిషిని, కలవడం. పది మంది ఉండే పొదుపు సంఘంలో చేరితే ఆరు నెలలు నెలకు ఒక వందో రెండొందలో కట్టాక అంతర్గత అప్పు, తర్వాత బ్యాంకు అప్పు, స్త్రీనిధి అప్పు వస్తాయి. కొన్ని సంఘాల్లో 'మొగుడు లేని పిల్ల, రేపు ఊరొదిలి పోతే మేం కట్టాలి' అని చేర్చుకోరు. ఆ మాట మొహం మీదే అంటారు కూడా. అప్పుడు ఆర్పీని అడిగి కొత్త సంఘంలో చేరు. ఒంటరి ఆడవాళ్లే కలిసి పెట్టుకున్న సంఘాలున్నాయి, నా అనుభవంలో బాకీ ఎగ్గొట్టకుండా కట్టేది వాళ్లే.

పని విషయంలో నాతో చాలామంది ఒప్పుకోరు, అయినా చెప్తాను. నీకు ఇప్పుడు జీతం కన్నా పని వేళలు ముఖ్యం. శ్రీసిటీలో, తడ దగ్గర చెప్పుల ఫ్యాక్టరీలో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో ఆడపిల్లలను బాగా తీసుకుంటారు, జీతం నీకిప్పుడొచ్చే దాని మీద ఎక్కువే ఉంటుంది, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటాయి. 21,000 లోపు జీతానికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది, నీ వాటా 0.75 శాతమే, బిడ్డలకు కూడా వైద్యం దొరుకుతుంది. అన్నీ మంచివే. కానీ షిఫ్టుల్లో రాత్రి పని పడుతుంది, శ్రీసిటీకైతే కంపెనీ బస్సు తెల్లవారుజామున ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేది చీకటి పడ్డాకే. మూడేళ్ల పిల్లను ఎవరి దగ్గర పెడతావు? పక్కింటి అవ్వకు నెలకు 1,500 ఇస్తున్నానన్నావు, ఆ అవ్వకు జ్వరం వచ్చిన రోజు నీ జీతం కోత. కంపెనీలో ఆబ్సెంట్లు ఎక్కువైతే పని పోవచ్చు.

ఇంకోటి. నెలకు 8,000 దాటి సంపాదిస్తే వాత్సల్యకు అర్హత పోతుంది. అట్లాగని ఆ 96,000 గీత కోసం జీవితమంతా తక్కువ జీతానికి కట్టుబడి ఉండమని నేననను. అది పిచ్చి లెక్క. చిన్నది బడికి పోయేదాకా, రెండు మూడేళ్లు, ఆ డబ్బు నీకు ఊపిరి తిప్పుకునేందుకు. తర్వాత పెద్ద జీతం దొరికితే పో, వెనక్కి చూడొద్దు.

నేనైతే నీకు అంగన్‌వాడీ వైపు చూడమంటాను. టీచరు పోస్టుకు 10వ తరగతి పాసై, 21 నుంచి 35 ఏళ్ల లోపు, పెళ్లయిన స్థానికురాలై ఉండాలి. నీకు అన్నీ ఉన్నాయి, విడిగా ఉంటున్నా చట్టం లెక్కలో నువ్వు వివాహితవే. గౌరవ వేతనం 11,500, ఆయాకు 7,000. టీచరైతే ఆ వాత్సల్య గీత దాటుతావు, అది తెలిసే చెప్తున్నా. పెద్ద డబ్బేం కాదు, యాప్‌లో ఫోటోలు ఎక్కించే తలనొప్పి, రికార్డుల పని, అప్పుడప్పుడు సర్వేల డ్యూటీలు, అన్నీ ఉంటాయి. నా ముప్పై మంది టీచర్లలో దాన్ని తిట్టుకోని వాళ్లు లేరు. కానీ సాయంత్రానికి ఇంటికొస్తావు, చిన్నది నీ కళ్ల ముందే ఉంటుంది. ఖాళీ పడినప్పుడు సీడీపీఓ (ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి) ఆఫీసు నోటిఫికేషన్ ఇస్తుంది, ఆఫీసులో నోటీసు బోర్డు నెలకోసారి చూసి రా. స్థానికత రుజువుకు అడ్రసు కొర్లగుంటదై ఉండాలి, మళ్లీ ఆ ఆధార్ దగ్గరికే వచ్చాం.

అది దొరికేదాకా షాపు ఓనరుతో మాట్లాడి చూడు, 9 నుంచి 6 దాకా జీతం వెయ్యి తగ్గించుకుని చేస్తానని. పండగల సీజన్‌లో ఒప్పుకోడు, మామూలు రోజుల్లో ఒప్పుకోవచ్చు. సాయంత్రం ఇంట్లో కూర్చుని పూలు కట్టివ్వడం మన ఊళ్లో ఎప్పుడూ ఉండే పని, ముహూర్తాల రోజుల్లో మూర ధర బాగుంటుంది, బిడ్డలు పక్కనే ఆడుకుంటారు. అందరూ కుట్టుమిషన్ కొనుక్కోమని సలహా ఇస్తారు, నువ్వూ అడిగావు. నీకు కుట్టడం ముందే వచ్చుంటే సరే. రాకపోతే నేర్చుకునే ఆరు నెలలు సంపాదన లేదు, వీధికి నలుగురు టైలర్లు ఉన్న ఊళ్లో జాకెట్ కస్టమర్లు రావడానికి ఇంకో ఏడాది. ఇప్పుడది వద్దు.

టీటీడీలో కాంట్రాక్టు ఉద్యోగం వేయిస్తానని నలభై వేలు అడిగిన మనిషి సంగతి రాశావు. ఆ డబ్బు ఇచ్చావా, అక్కడితో పోయినట్టే. ఎమ్మెల్యే లెటరు ఉందని చూపిస్తాడు, లడ్డూ ప్రసాదం చేతిలో పెట్టి ప్రమాణం చేస్తాడు. వెంకన్న సామి పేరు చెప్పి మోసం చేసేవాళ్లకు మన ఊళ్లో కొదవలేదు. ఇచ్చేసి ఉంటే పోలీసు కంప్లయింటు ఇవ్వు, సిగ్గుపడొద్దు.

చిన్నదాన్ని మూడేళ్లు నిండాయి కాబట్టి అంగన్‌వాడీలో వెయ్యి, పాలు, గుడ్డు, మధ్యాహ్నం అన్నం అక్కడే. సాయంత్రం నుంచి నువ్వొచ్చేదాకానే అవ్వ చూసుకోవాలి, 1,500 కాస్తా 800కు బేరమాడొచ్చు. మీ అమ్మ రెండు మూడు నెలలు తీసుకుపోతానంటే పంపు. దానికోసం ఆధార్‌లో అడ్రసు మార్చడం, అమ్మ వాళ్ల కార్డులో పేరెక్కించడం మాత్రం చెయ్యొద్దు, అది చిత్తూరు జిల్లా, నీది తిరుపతి జిల్లా, బిడ్డ నీ కుటుంబం లెక్కలోంచి జారిపోతుంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు, అదే స్త్రీశక్తి, వచ్చాక పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే టికెట్‌కు డబ్బు లేదు కదా, ఆదివారం పోయి చూసి రావొచ్చు. పెద్దవాణ్ణి ప్రైవేటులోనే ఉంచాలనుంటే విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లకు అప్లై చెయ్యి, అది 1వ తరగతిలో చేరేటప్పుడే కుదురుతుంది, ఈ ఏడు తప్పితే మళ్లీ లేదు. రాకపోతే మున్సిపల్ బడిలో వెయ్యడానికి వెనకాడొద్దు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, మధ్యాహ్నం భోజనం అన్నీ అక్కడే వస్తాయి. ఫీజు కోసం అప్పు చేసి, ఆ అప్పు కోసం రాత్రి తొమ్మిది దాకా షాపులో నిలబడి, బిడ్డ హోంవర్కు చూడ్డానికి ఓపిక లేకపోతే ఆ ఇంగ్లీషు మీడియం ఎవరికి?

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, ఒక్కోసారి బిడ్డలతో సహా ఏదైనా చేసుకుందామనిపిస్తుందనీ ఒక్క వాక్యంలో రాసి దాటేశావు. నేను దాటెయ్యను. ఆ ఆలోచన వచ్చిన రాత్రి 14416కు (మనసు బాగాలేనివాళ్లకు సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు) ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. పక్కింటి అవ్వనైనా లేపు. అప్పులవాడు గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు మాట్లాడితే 112, ఆడవాళ్లకు ఏ ఇబ్బందైనా 181. రుయా పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, చూపించుకుంటే పిచ్చిదనరు.

ఖాతా తెరిచిన రోజే రెండు బీమాలు కట్టెయ్యి. ఏడాదికి 20 రూపాయలది ప్రమాద బీమా, 436 రూపాయలది జీవిత బీమా, ఒక్కోటి 2 లక్షలకు. నామినీగా బిడ్డ పేరు రాసి, మైనరు కాబట్టి తరఫున తీసుకునే మనిషిగా మీ అమ్మ పేరు రాయించు. పాత ఖాతాల్లో, పీఎఫ్‌లో నామినీ ఇంకా అతనే ఉంటాడు, అవీ మార్చు.

తండ్రి సంతకం సంగతి. స్కూలు వాళ్లు 'ఫాదర్ వచ్చి సైన్ చెయ్యాల్సిందే' అంటే, బిడ్డ బాధ్యత తండ్రి పట్టించుకోనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫారంలో తండ్రి పేరు రాయి, సంతకం దగ్గర 'తల్లి, సంరక్షకురాలు' అని రాసి నువ్వే పెట్టు. హెడ్మాస్టరు కాదంటే అదే మాట రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడుగు. రాసివ్వడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు, అడ్మిషన్ ఇచ్చేస్తారు. అప్పటికీ మొండికేస్తే మండల విద్యాధికారి దగ్గరికి పో, పోయేటప్పుడు బిడ్డ బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ ఇంట్లోనే పెట్టి జిరాక్స్ మాత్రం తీసుకుపో.